లోపలి అతుకు

ఊపిరితిత్తుల మార్పిడి అయిన మనిషిని ఇంటికి పంపేటప్పుడు ఇంట్లోవాళ్ళు ముందుగా అడిగేది ఛాతీ మీది కుట్ల గురించే. స్నానం ఎప్పుడు చేయించవచ్చు, పక్కకు తిరిగి పడుకోవచ్చా, దురద పెడితే ఏం రాయాలి అంటారు. కంటికి కనబడే గాయం మీదే దిగులు ఉండటం సహజం. కానీ చర్మానికి రక్తం దండిగా అందుతుంది, ఆ కుట్లు వాటంతటవే మానిపోతాయి. కనిపెట్టుకుని ఉండాల్సిన కుట్టు ఛాతీ లోపల ఉంది. దాత శ్వాసనాళాన్ని మీ శ్వాసనాళానికి కలిపిన చోటు అది. ఒక ఊపిరితిత్తి మారిస్తే అలాంటి అతుకు ఒకటి ఉంటుంది, రెండూ మారిస్తే రెండు. ఈ అధ్యాయమంతా ఆ అతుకు గురించే.

గొంతు నుంచి దిగిన శ్వాసనాళం ఛాతీ మధ్యలో కుడికొకటి, ఎడమకొకటిగా చీలుతుంది. ఒక్కో పాయను బ్రాంకస్ అంటారు. మార్పిడిలో ఒక్కో ఊపిరితిత్తికి మూడు అతుకులు వేస్తారు. గుండె నుంచి రక్తం తెచ్చే పెద్ద ధమని దగ్గర ఒకటి, గుండెకు రక్తాన్ని తిరిగి చేర్చే సిరల దగ్గర ఒకటి, బ్రాంకస్ దగ్గర ఒకటి. నాలుగోది వేయరు. బ్రాంకస్ గోడను పోషించడానికి మహాధమని వైపు నుంచి సన్నటి ధమనులు విడిగా వస్తాయి. దాత శరీరం నుంచి ఊపిరితిత్తిని తీసినప్పుడు అవి తెగిపోతాయి. వాటిని మళ్ళీ కలపవచ్చని కొందరు సర్జన్లు చేసి చూపించారు. కానీ అది అసలే పెద్దదైన ఆపరేషన్‌ను ఇంకా పొడిగిస్తుంది కాబట్టి చాలా ఆసుపత్రులు ఆ జోలికి పోవు.

ఆయకట్టు శివార్లలో పొలం ఉన్నవాళ్ళకు ఈ పరిస్థితి వేరే చెప్పక్కర్లేదు. సొంత పిల్లకాలువ పూడిపోయిన మడికి పై మడి నుంచి ఊరే నీరే దిక్కు. దాత బ్రాంకస్ కూడా కొన్నాళ్ళు అలా ఊట మీదే బతుకుతుంది. ఊపిరితిత్తి పెద్ద ధమని నుంచి సూక్ష్మమైన అడ్డదారుల గుండా కాస్త రక్తం వెనక్కి పాకి వస్తుంది. పైగా ఆ ధమనిలో ఉండేది ఆక్సిజన్ తగ్గిన రక్తం. అంటే అందేదే కొంచెం, అందులోనూ బలం తక్కువ. మీ వైపు నుంచి కొత్త రక్తనాళాలు అతుకు దాటి అవతలికి పాకడానికి 2 నుంచి 4 వారాలు పడుతుంది. అతుకుకు గండం ఆ వారాల్లోనే.

అందుకే సర్జన్ దాత బ్రాంకస్‌ను ఎంత వీలైతే అంత పొట్టిగా కోస్తాడు. ఊపిరితిత్తి పై భాగానికి పాయ చీలే చోటుకు ఒకటి రెండు మృదులాస్థి ఉంగరాల దూరంలోనే అతుకు పడేలా చూస్తాడు. ఎంత పొట్టిగా ఉంటే ఊట నడవాల్సిన దూరం అంత తగ్గుతుంది. చుట్టూ ఉన్న మెత్తటి కణజాలాన్ని గీకకుండా అలాగే వదిలేస్తాడు. ఆ సన్న రక్తనాళాలు ఉండేది అందులోనే.

ఇదంతా ఎంత కష్టపడి నేర్చుకున్నదో తెలియాలంటే కాస్త వెనక్కి వెళ్ళాలి. మనిషికి మొదటిసారి ఊపిరితిత్తి మార్చింది జేమ్స్ హార్డీ. అది 1963 జూన్ 11న, అమెరికాలోని మిసిసిపీ రాష్ట్రం జాక్సన్‌లో జరిగింది. ఆ రోగి 18 రోజులు బతికి, మూత్రపిండాలు చెడిపోయి చనిపోయాడు. తర్వాతి 20 ఏళ్ళలో ప్రపంచం మొత్తం మీద 40 దాకా ప్రయత్నాలు జరిగాయి. బెల్జియంలోని గెంట్‌లో 1968లో ఫ్రిట్జ్ డెరోమ్ ఆపరేషన్ చేసిన మనిషి 10 నెలలు ఉన్నాడు. మిగతావాళ్ళలో దాదాపు అందరూ రోజుల్లో, వారాల్లో పోయారు. రెండు వారాల గండం గడిచి హమ్మయ్య అనుకున్నవాళ్ళలో ఎక్కువమందిని తీసుకుపోయింది బ్రాంకస్ అతుకు విడిపోవడమే.

కెనడాలోని టొరంటో జనరల్ ఆసుపత్రిలో జోయెల్ కూపర్ బృందానికీ మొదట అదే అనుభవమైంది. 1978లో చేసిన ఆపరేషన్ తర్వాత అతుకు తెగి రోగి చనిపోయాడు. దాంతో వాళ్ళు కుక్కల మీద ప్రయోగాలు చేశారు. శరీరం కొత్త ఊపిరితిత్తిని తోసిపుచ్చకుండా అప్పట్లో పెద్ద మోతాదులో ఇచ్చిన స్టెరాయిడ్లే అతుకును మాననివ్వడం లేదని తేలింది. ఆలోపు సైక్లోస్పోరిన్ అనే మందు వచ్చింది. దాంతో మొదటి వారాల్లో స్టెరాయిడ్లను తగ్గించగలిగారు. పేగుల ముందు వేలాడే ఒమెంటం అనే కొవ్వు పొరను రక్తనాళాలతో సహా ఛాతీలోకి లాగి అతుకు చుట్టూ చుట్టారు. 1983 నవంబర్ 7న 58 ఏళ్ళ మనిషికి అలా ఒక ఊపిరితిత్తి మారిస్తే అతను 6 ఏళ్ళకు పైగా బతికాడు. ఆ రోజు నుంచే ఊపిరితిత్తుల మార్పిడి వైద్యంగా నిలబడింది. తర్వాత ఒమెంటం చుట్టడం అవసరం లేదని తెలిసి మానేశారు. రెండు ఊపిరితిత్తులనూ కలిపి పెద్ద శ్వాసనాళం దగ్గర ఒకే అతుకు వేసే పద్ధతి కూడా కొన్నాళ్ళు నడిచింది. అక్కడ రక్తం అందక ఇబ్బందులు ఎక్కువ కావడంతో కుడి, ఎడమ బ్రాంకస్‌లను విడివిడిగా కలపడానికి మారారు. మీకు చేసింది ఈ పద్ధతిలోనే.

ఇక్కడొక మాట గట్టిగా చెప్పాలి. స్టెరాయిడ్లు అతుకును మాననివ్వవట అని విని ప్రెడ్నిసోలోన్ మాత్ర సొంతంగా తగ్గించేవాళ్ళు ఉంటారు. ఆ ప్రయోగాలు పాత రోజుల పెద్ద మోతాదుల గురించి. ఇప్పుడు మీకు రాసే మోతాదు ఆ పాఠం నేర్చుకున్నాక కుదిర్చినది. మాత్ర మానేస్తే అతుకు బాగుపడదు సరికదా, శరీరం ఊపిరితిత్తి మీదే తిరగబడుతుంది.

ఇప్పటి లెక్కల ప్రకారం అతుకు దగ్గర చెప్పుకోదగ్గ ఇబ్బంది వచ్చేది నూటికి 2 నుంచి 18 మందికి. ఇంత తేడా ఎందుకంటే ఒకరు ఇబ్బంది అన్నదాన్ని ఇంకొకరు లెక్కలో వేయరు. ఆ గందరగోళం తీర్చడానికే అంతర్జాతీయ గుండె, ఊపిరితిత్తుల మార్పిడి సంఘం 2018లో ఒక వర్గీకరణ ఇచ్చింది. మీ బ్రాంకోస్కోపీ (సన్నటి గొట్టంతో శ్వాసనాళం లోపల చూసే పరీక్ష) రిపోర్టులో ఐ, డి, ఎస్, ఎం అనే అక్షరాలు కనిపిస్తే అవి దాని గుర్తులే. రక్తం అందక కణజాలం నల్లబడటం, చనిపోవడం ఐ. కుట్టు విడటం డి. దారి ఇరుకవడం ఎస్. గోడ మెత్తబడి ఊపిరి వదిలినప్పుడు ముడుచుకుపోవడం ఎం. వాటి పక్కన ఉండే చిన్న అక్షరాలు ఎక్కడ, ఎంత అన్నది చెబుతాయి. అర్థం కాకపోతే అడగండి. ఈ రిపోర్టు మీది.

వీటిలో ఒక్కోదానికి ఒక్కో కాలం ఉంది. కణజాలం చనిపోవడం, కుట్టు విడటం మొదటి 5 వారాల్లో జరిగేవి. అప్పటికి చాలామంది ఇంకా ఆసుపత్రిలోనో, దగ్గర్లో అద్దె గదిలోనో ఉంటారు. ఇరుకవడం నెమ్మది వ్యవహారం, ఎక్కువగా 2 నుంచి 9 నెలల మధ్య బయటపడుతుంది. అన్నిటికంటే ఎక్కువమందికి వచ్చేదీ ఇదే. కుడి వైపు దీని పోరు ఎక్కువ. అక్కడ పై భాగానికి పాయ చీలాక కిందికి దిగే గొట్టం ఒకటుంది. కొందరిలో అది అతుకుకు దూరంగా ఉన్నా మూసుకుపోతూ వస్తుంది. చూడండి, గండం గడిచింది అని కుటుంబం మొత్తం ఊపిరి పీల్చుకుని ఊరికి వెళ్ళిపోయే నెలల్లోనే ఇది మొదలవుతుంది. అందుకే ఈ అధ్యాయంలో ఎక్కువ చోటు ఆ నెలలకే ఇస్తున్నాను.

దాత ఊపిరితిత్తిని తీసినప్పుడు రక్తనాళాలతోపాటు నరాలూ తెగుతాయి. వాటిని ఎవరూ కలపరు, కలపలేరు. మన ఊపిరితిత్తుల్లో కఫం చేరితే గరగరమంటుంది, దగ్గు దానంతటదే వస్తుంది. కొత్త ఊపిరితిత్తిలో అతుకుకు కింద ఎంత కఫం చేరినా మీకు తెలియదు. అది పైకి పాకి అతుకు దాటి మీ సొంత శ్వాసనాళంలోకి వచ్చాకే గొంతులో ఏదో ఉన్నట్టు అనిపిస్తుంది. కఫాన్ని పైకి తోసే సన్నటి వెంట్రుకల్లాంటి నిర్మాణాలు కూడా కొన్నాళ్ళు మందకొడిగా పనిచేస్తాయి. నిలిచిన కఫంలో క్రిములు పెరుగుతాయి. అసలే రక్తం చాలని అతుకుకు ఆ క్రిములు తోడైతే మానే గాయం పుండవుతుంది. కాబట్టి దగ్గు రావాలని ఎదురుచూడకండి. గడియారం చూసి దగ్గండి.

పద్ధతి మీ ఫిజియోథెరపిస్టు నేర్పిస్తారు. స్థూలంగా ఇది. వీపు నిటారుగా పెట్టి కూర్చోండి. ఛాతీ కుట్లు లాగకుండా ఒక దిండును రెండు చేతులతో ఛాతీకి అదుముకోండి. నెమ్మదిగా లోతుగా ఊపిరి పీల్చి, క్షణం ఆపి, నోరు బాగా తెరిచి హా అని ఊదండి. కళ్ళజోడు తుడిచే ముందు అద్దాల మీద ఊదుతాం చూడండి, ఆ ఊదుడే కాస్త బలంగా. అలా రెండు మూడుసార్లు ఊదాక ఒక గట్టి దగ్గు. వచ్చిన కఫాన్ని మింగకుండా తెల్ల కాగితం రుమాల్లోకి ఉమ్మి రంగు చూడండి. పొద్దున లేవగానే, రాత్రి పడుకోబోయే ముందు తప్పనిసరి. మొదటి నెలల్లో మధ్యలో ఇంకెన్నిసార్లు చేయాలో మీ బృందమే చెబుతుంది. గట్టిగా దగ్గితే లోపలి కుట్టు తెగుతుందేమో అని కొందరు భయపడి, దగ్గును మింగేస్తారు. మీ చేత ఐసీయూలోనే దగ్గించారు కదా. అతుకుకు చేటు చేసేది దగ్గు కాదు, పేరుకుపోయిన కఫం.

నరాలు లేకపోవడంలో ఇంకో చిక్కుంది. దారి ఇరుకవుతున్నా నొప్పి ఉండదు. మెట్లెక్కితే ఆయాసం వచ్చేసరికే దారి చాలావరకు మూసుకుపోయి ఉండవచ్చు. శరీరం చెప్పని సంగతి యంత్రం చెప్పాలి. అందుకే ఇంట్లో వాడుకునే చిన్న స్పైరోమీటర్ కొనిపిస్తారు. అందులో చూడాల్సిన అంకె ఎఫ్‌ఈవీ1. గట్టిగా ఊదినప్పుడు మొదటి సెకనులో బయటికి వచ్చిన గాలి ఎన్ని లీటర్లో అది చెబుతుంది.

రోజూ ఒకే వేళకు ఊదండి. పొద్దున కఫం తీసుకున్నాక, టిఫిన్‌కు ముందు అయితే బాగుంటుంది. ముక్కుకు క్లిప్పు పెట్టి, పెదాలు గొట్టం చుట్టూ బిగించి, నిండా పీల్చి ఒక్క ఉదుటున వదలాలి. గాలి అయిపోయినట్టు అనిపించినా ఇంకా ఊదుతూనే ఉండాలి. మూడుసార్లు ఊది, అందులో పెద్ద అంకెను నోటుబుక్కులో రాయాలి. ఆ యంత్రంలోనే దాచుకుంటుందిలే అనుకోవద్దు. కాగితం మీద వరసగా కనబడే అంకెల్లో జారుడు ఎవరికైనా అర్థమవుతుంది.

నిలకడగా ఉన్న అంకె పదో వంతు తగ్గితే మీ మార్పిడి బృందానికి ఫోన్ చేయాలి. ఉదాహరణకు మీ అంకె కొన్ని వారాలుగా 2.40 దగ్గర నిలకడగా ఉందనుకుందాం. అందులో పదో వంతు 0.24. అంటే 2.16కు, అంతకన్నా కిందికి దిగి రెండు రోజులు అక్కడే ఉంటే ఫోన్ చేయాల్సిందే. ఒంట్లో బాగుంది, ఆకలేస్తోంది, నడుస్తున్నాను అన్నవి ఆ ఫోన్ చేయకపోవడానికి కారణాలు కావు. ఇంకొకటి కూడా గుర్తుంచుకోండి. మొదటి నెలల్లో ఆ అంకె పెరుగుతూ పోవాలి. పెరగాల్సిన రోజుల్లో ఉన్నచోటే ఆగిపోతే దాన్నీ తగ్గుదల కిందే లెక్కవేసి అడగండి.

అంకె తగ్గినంత మాత్రాన అతుకే ఇరుకైందని కాదు. ఇన్‌ఫెక్షన్ వచ్చినా తగ్గుతుంది, శరీరం ఊపిరితిత్తిని తోసిపుచ్చుతున్నా తగ్గుతుంది. వైద్యం మాత్రం మూడింటికీ వేరు. తోసిపుచ్చడానికి రోగనిరోధక శక్తిని అణిచే మందులు పెంచుతారు. ఇన్‌ఫెక్షన్ ఉన్నవాడికి పొరపాటున అదే చేస్తే ముప్పు. ఇరుకైన గొట్టానికి ఏ మందూ పనిచేయదు, దాన్ని వెడల్పు చేయాల్సిందే. అలాగే ఛాతీలో పిల్లికూతలు వినబడితే ఆస్తమా అనుకుని దగ్గర్లోని మందుల షాపులో ఇన్‌హేలర్ తెచ్చుకుని వాడుతూ కూర్చుంటారు కొందరు. మార్పిడి అయిన మనిషికి పిల్లికూతలు వస్తే, లోపల చూసేదాకా అది ఇరుకు దారి చప్పుడనే అనుకోవాలి.

లోపల చూడటం అంటే బ్రాంకోస్కోపీ. మన ఇళ్ళల్లో దాన్ని స్కోపీ అనేస్తారు. చాలా కేంద్రాలు మొదటి ఏడాదిలో 1, 3, 6, 9, 12 నెలలకు ఏ ఇబ్బందీ లేకపోయినా చేస్తాయి. కొన్ని చోట్ల అవసరం పడితేనే చేస్తారు. మీ ఆసుపత్రి ఏ పద్ధతి పాటిస్తే దానికి కట్టుబడండి. బాగానే ఉన్నాను కదా అని వాయిదా వేయడం ఒక్కటే చేయకూడనిది.

ముందురోజు రాత్రి భోజనం తర్వాత ఏమీ తినకూడదు. నీళ్ళు ఎప్పటిదాకా తాగవచ్చో నర్సు చెబుతారు. రక్తాన్ని పలచబరిచే మాత్రలు వాడుతుంటే కొన్ని రోజుల ముందే చెప్పాలి. రోగనిరోధక శక్తిని అణిచే టాక్రోలిమస్ మందు స్థాయి కోసం ఆ పొద్దునే రక్తం తీస్తారంటే, మాత్ర రక్తం ఇచ్చాకే వేసుకోవాలి. గొంతులో కొట్టే మత్తుమందు స్ప్రే చేదుగా ఉంటుంది, గుటక వేయడం తెలియకుండా పోతుంది. తర్వాత నిద్ర సూది ఇస్తారు. ముక్కులోంచో నోట్లోంచో సన్నటి గొట్టం లోపలికి వెళ్తుంది.

డాక్టరు తెర మీద చూసేదేమిటో తెలిస్తే రిపోర్టు చదవడం తేలిక. మీ శ్వాసనాళం లేత గులాబీ రంగులో, లోపల ఉంగరాలు తేలి కనబడుతుంది. కిందికి దిగితే చుట్టూ వలయంగా అతుకు గీత, అక్కడక్కడ బయటపడ్డ నీలం దారం ముక్కలు. మానుతున్న అతుకు చుట్టూ గులాబీ రంగే ఉంటుంది. మొదటి వారాల్లో పైన తెల్లగానో బూడిదరంగుగానో పొర కట్టి ఉండటం తరచూ కనిపించేదే. దాని కింద ఎర్రటి జీవం ఉందా, నల్లబడిందా అన్నదే అసలు ప్రశ్న. ఆ పొర నుంచి ముక్క తీసి పరీక్షకు పంపుతారు, బూజు జాతి క్రిములు అక్కడ కాపురం పెట్టాయేమో చూడటానికి. ఇంటికి వచ్చాక గొంతు తిమ్మిరి పోయేదాకా, సాధారణంగా రెండు గంటలు, ఏమీ తాగవద్దు, పొలమారుతుంది. ముక్క తీసిన రోజు కఫంలో రక్తపు చారికలు కనబడితే కంగారు లేదు. గుక్కలు గుక్కలుగా రక్తం వచ్చినా, ఒక్కసారిగా ఆయాసం, ఛాతీలో పోటు మొదలైనా వెంటనే వెనక్కి వెళ్ళాలి.

ఈ స్కోపీలకు ఒక్కోసారీ డబ్బు కావాలి, ఒక రోజు పోతుంది. ఆపరేషన్ ఖర్చు లెక్క వేసుకునేటప్పుడే మొదటి ఏడాది స్కోపీల ఖర్చు కూడా అడిగి కలుపుకోండి. చెప్పకపోతే అడగడం మీ హక్కు. ఆపరేషన్‌కు అప్పు చేయగలిగిన ఇల్లు స్కోపీ దగ్గరకొచ్చేసరికి వెనకాడటం చూస్తే, తప్పు వాళ్ళది కాదు, ముందుగా చెప్పనివాళ్ళది అనిపిస్తుంది.

ఇబ్బంది కనబడితే ఏం చేస్తారు? కుట్టు కొద్దిగా విడితే యాంటీబయాటిక్స్ ఇస్తూ, తరచూ స్కోపీ చేసి చూస్తూ మాననిస్తారు. కొంచెం పెద్దదైతే జాలీ లాంటి లోహపు స్టెంట్‌ను కొన్ని వారాలు పెడతారు. జాలీ చుట్టూ శరీరం కొత్త కండ పెంచుతుంది. ఆ కండే చిల్లును పూడ్చేస్తుంది, తర్వాత స్టెంట్ తీసేస్తారు. ఇంకో సందర్భంలో స్టెంట్ తెచ్చే బెడదగా లెక్కపెట్టే అదే కండను ఇక్కడ మందుగా వాడుకుంటున్నారన్నమాట. పూర్తిగా విడితే మళ్ళీ ఆపరేషనే, అది ప్రాణాపాయం. మెడ దగ్గర, ఛాతీ పైన చర్మం ఉబ్బి, వేలితో నొక్కితే కరకరమంటుంటే లోపలి గాలి చర్మం కిందికి చేరిందని అర్థం. మొదటి వారాల్లో అది కనబడితే ఫోన్లు చేస్తూ కూర్చోకుండా నేరుగా ఆసుపత్రికి వెళ్ళాలి.

ఇరుకైన దారిని స్కోపీ ద్వారానే బెలూన్‌తో వెడల్పు చేస్తారు. పెరిగిన కండను గడ్డకట్టించో, కాల్చో తొలగిస్తారు. ఒక్కసారితో తీరిపోతుందని ఎవరైనా హామీ ఇస్తే నమ్మకండి. చాలామందికి కొన్ని వారాల తేడాతో పలుమార్లు చేయాల్సి వస్తుంది. మళ్ళీ ఇరుకైందంటే వైద్యం విఫలమైందని కాదు, ఈ జబ్బు తీరే అంత. అప్పటికీ నిలవకపోతే స్టెంట్ ఆలోచిస్తారు. ఇందులో తొందరపడకపోవడమే మంచిదని నా అభిప్రాయం. లోహపు స్టెంట్ పెట్టడం తేలిక, కానీ గోడలోకి పాతుకుపోతే తీయడం కష్టం. క్యాన్సర్ కాని శ్వాసనాళ జబ్బుల్లో వాటిని వాడటం మీద అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2005లోనే హెచ్చరిక ఇచ్చింది. సిలికాన్ స్టెంట్‌ను తీయవచ్చు, మార్చవచ్చు, అయితే పూర్తి మత్తు ఇచ్చి వంగని గట్టి గొట్టంతో పెట్టాలి, జారిపోయే గుణమూ ఉంది. మీ డాక్టరును అడగాల్సిన ప్రశ్న ఒకటే: దీన్ని ఎప్పుడు, ఎలా తీస్తారు?

స్టెంట్ ఉన్నవాళ్ళకు కఫం దాని గోడలకు అంటుకుని ఎండిపోతుంది. రాసిచ్చిన ఉప్పునీటి నెబులైజేషన్ ఒక్క పూట కూడా మానకూడదు. నెబులైజర్ గిన్నెను కొళాయి నీళ్ళతో కడిగి అలా వదిలేయకుండా, ప్రతిసారీ శుభ్రం చేసి, చెప్పిన పద్ధతిలో మరిగించి, ఆరబెట్టాలి.

గోడ మెత్తబడినవాళ్ళకు మొరిగినట్టు మోగే దగ్గు, పడుకుంటే ఆయాసం ఉంటాయి. వాళ్ళకు రాత్రిపూట గాలి ఒత్తిడి ఇచ్చే సీపాప్ మిషన్ చాలాసార్లు సరిపోతుంది.

మందుల విషయంలో రెండు జాగ్రత్తలు. మార్పిడి మందుల వల్ల కొన్నాళ్ళకు కిడ్నీ పనితీరు తెలిపే క్రియాటినిన్ పెరుగుతుంది, కిడ్నీ డాక్టరు దగ్గరికి వెళ్తారు. కిడ్నీని కాపాడటానికి టాక్రోలిమస్ బదులు సిరోలిమస్, ఎవరోలిమస్ వాడే పద్ధతి ఉంది. కానీ ఈ జాతి మందులు గాయాన్ని మాననివ్వవు. ఊపిరితిత్తి మార్చిన తొలిరోజుల్లో సిరోలిమస్ ఇస్తే బ్రాంకస్ అతుకు విడిపోయి మనుషులు చనిపోయారు. ఎఫ్‌డీఏ ఆ మందు డబ్బా మీద దీనికి పెద్ద హెచ్చరిక పెట్టించింది. అతుకు మానిందని స్కోపీలో చూసి మార్పిడి బృందం ఒప్పుకున్నాకే ఆ మందు. రెండోది, బూజు జాతి ఇన్‌ఫెక్షన్‌కు ఇచ్చే వోరికొనజోల్ టాక్రోలిమస్ స్థాయిని బాగా పెంచేస్తుంది. అది మొదలుపెట్టిన రోజూ, ఆపిన రోజూ టాక్రోలిమస్ మోతాదు మారాల్సిందే. పంపరపనస పండు చేసే పని కూడా అదే, కాబట్టి ఇంట్లో చెట్టున్నా ముట్టవద్దు. వోరికొనజోల్ వాడుతూ మన ఎండల్లో తిరిగితే చర్మం కమిలిపోతుంది, టోపీ, పొడుగు చేతుల చొక్కా తప్పదు.

బూజు అన్నాం కాబట్టి ఇంటి సంగతి. ఆస్పర్‌జిల్లస్ అనే బూజు రక్తం అందని అతుకు మీద ఇట్టే పాతుకుంటుంది. దాని విత్తనాలు గాలిలో అంతటా ఉంటాయి. గడ్డివాము, పెంటకుప్ప, ఎరువు కుండీ, తడిసి ఆరిన గోడ, పడగొడుతున్న పాత ఇల్లు, వానాకాలంలో అటక మీది సామాను, ఇవి వాటికి నిలయాలు. మొదటి ఏడాది వరి నూర్పిళ్ళ దగ్గరికి, మిర్చి యార్డుకు వెళ్ళవద్దు. ఇంటికి సున్నాలు వేయించే పని, నేల తవ్వే పని ఉంటే ఆ వారం రోగిని వేరే ఇంట్లో పెట్టండి. బూజు పట్టిన పచ్చడి జాడీ మూత తీసే పని రోగికి చెప్పకండి. ఎయిర్ కూలర్ గడ్డి మెత్తలు ఉన్న గదిలో అసలు పడుకోనివ్వకండి.

కడుపులోని పులుపు పైకి వచ్చి శ్వాసనాళంలోకి జారడం కూడా అతుకుకు, ఊపిరితిత్తికి చేటు. మార్పిడిలో కడుపు నరాలకు దెబ్బ తగిలితే తిన్నది నెమ్మదిగా దిగుతుంది. రాత్రి భోజనం ఏడున్నరకల్లా ముగించి, మూడు గంటలు ఆగి, మంచం తలవైపు ఎత్తుగా పెట్టుకుని పడుకోవాలి. రాత్రి పూట పెరుగన్నం పెద్ద ముద్ద తినే అలవాటు ఉంటే దాన్ని మధ్యాహ్నానికి జరపండి.

ఊరికి తిరిగి వెళ్ళేవాళ్ళకు చివరి పని ఒకటుంది. తెలుగువాళ్ళు చాలాకాలం ఈ ఆపరేషన్‌కు చెన్నై వైపు చూసేవాళ్ళు. ఇప్పుడు హైదరాబాద్‌లోనూ జరుగుతున్నాయి. 2020లో సికింద్రాబాద్ కిమ్స్ ఆసుపత్రిలో కోవిడ్ సోకిన రోగికి రెండు ఊపిరితిత్తులూ మార్చారు. కానీ ఆపరేషన్ ఎక్కడ చేయించుకున్నా, కాపురం ఊళ్ళోనే కదా. అర్ధరాత్రి ఆయాసం వస్తే ముందు చూసేది పక్క పట్నంలోని డాక్టరు. ఆయన తన సర్వీసులో ఒక్క మార్పిడి రోగినీ చూసి ఉండకపోవచ్చు. ఆయన కోసం ఒక కాగితం మీ బృందం చేత రాయించుకోండి. ఏ తేదీన, ఏ వైపు మార్చారు, అతుకు చివరిసారి ఎలా ఉంది, ఇరుకు ఉంటే ఎంత, నిలకడగా ఉన్న ఎఫ్‌ఈవీ1 ఎంత, ఏ మందులు ఎంత మోతాదు, ఏవి ఇవ్వకూడదు, రాత్రిపూట ఎత్తే ఫోన్ నంబర్ ఏది. స్టెంట్ ఉంటే ఏ రకం, ఎక్కడ, ఎంత పొడుగు అన్నది పై వరసలోనే, ఎర్ర సిరాతో. వెంటిలేటర్ గొట్టం గుడ్డిగా దించితే అది స్టెంట్‌ను తోసేయగలదు. గొట్టం వేసే ముందు వీలైతే ఆ నంబర్‌కు ఒక్క ఫోన్ చేయమని అందులోనే రాయించాలి. ప్రతి స్కోపీ తర్వాత పాత కాగితం చింపేసి కొత్తది తీసుకోండి. ఒకటి రోగి పర్సులో, ఒకటి అర్ధరాత్రి బండి నడిపే మనిషి ఫోన్‌లో.